ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖల కార్యదర్శులకు, ఈ-గవర్నెన్స్ టెండర్లు ఖరారు చేసే కమిటీల సభ్యులకు,



నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. అందులో కొన్నేళ్లు ప్రభుత్వ ప్రాజెక్టులకు సబ్ కాంట్రాక్టులో పనిచేశాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక మాట. ప్రీ-బిడ్ సమావేశాల్లో, సమీక్షల్లో ఎన్నోసార్లు విన్నాను: "క్లౌడ్‌లో పెట్టేయండి, మిగతాది వెండరు చూసుకుంటాడు." ఏ కంపెనీ క్లౌడ్ అని అడుగుతారు. ఎంతవుతుందని ఇంకా గట్టిగా అడుగుతారు. ఏ పద్ధతిలో తీసుకుంటున్నాం, అందులో మన చేతిలో ఏం మిగులుతుంది, అవతలివాడి చేతికి ఏం పోతుంది అని మాత్రం అడగరు. ఆ నిర్ణయాన్ని బిడ్ వేసేవాడికే వదిలేస్తారు. అది మీరు తీసుకోవలసిన నిర్ణయం. మీరు దాన్ని వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

ఎందుకో చెప్పడానికి ఒక అనుభవం చెప్పనివ్వండి. కొన్నేళ్ల కిందట ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాం. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. దరఖాస్తులు తీసుకునే పోర్టల్ కట్టిన కంపెనీ గడువు ముగిసింది. కొత్త కంపెనీ తరఫున మేం దాన్ని చేతుల్లోకి తీసుకోవాలి. సోర్స్ కోడ్‌ను హార్డ్ డిస్కులో పెట్టి ఇచ్చారు, రసీదు మీద సంతకాలు కూడా అయ్యాయి. ఇక క్లౌడ్ ఖాతా తెరవాలి. దాని లాగిన్ పాత కంపెనీ ఉద్యోగి ఒకరి మెయిల్ ఐడీ. పాస్‌వర్డ్ ఎలాగో సంపాదించారు. కొట్టగానే ఓటీపీ అడిగింది. ఆ ఉద్యోగి ఎప్పుడో మానేసి వేరే దేశం వెళ్లిపోయాడు. ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. సెక్షన్ సూపరింటెండెంట్ గారు మా ముఖాలు ఒక్కొక్కటే చూసి అడిగారు: "ఇంతకీ బాబూ, ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?"

ఆ ప్రాజెక్టు మొత్తంలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. నాలుగేళ్ల ముందు, టెండరు రాసే రోజున వేయవలసిన ప్రశ్న అది. ఖాతా చేతికి రావడానికి పదకొండు వారాలు పట్టింది. ఈలోగా బిల్లు కట్టే దిక్కు లేక సర్వర్లు ఆగిపోయాయి. దరఖాస్తులు కాగితాల మీద తీసుకున్నారు. దూరపు ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు వరండాలో కూర్చుని ఫారాలు నింపడం నేను రోజూ చూశాను. చివరికి తలుపు తెరుచుకున్నాక ఇంకో సంగతి తెలిసింది. హార్డ్ డిస్కులో ఇచ్చిన కోడ్‌లో సగానికి పైగా ఆ కంపెనీ సొంత ప్లాట్‌ఫామ్ మీద తప్ప మరెక్కడా నడవదు. "సోర్స్ కోడ్ ప్రభుత్వానికే చెందుతుంది" అని ఒప్పందంలో ఉంది. చెందింది కూడా. ఏం లాభం? మొత్తం మళ్లీ రాశాం, ప్రజల డబ్బుతో, రెండోసారి.

ఇక ఆ పద్ధతుల సంగతి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో క్లౌడ్ సేవలను మూడు రకాలుగా నిర్వచించింది: ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, ప్లాట్‌ఫామ్, సాఫ్ట్‌వేర్. మీ కన్సల్టెంట్ల స్లైడ్లలో ఈ మూడు పేర్లూ మీరు చూసే ఉంటారు. నిర్వచనాల జోలికి పోకుండా మన పెళ్లిభోజనాల లెక్కలో చెబుతాను. సప్లయ్ కంపెనీ నుంచి గుండిగలు, పొయ్యిలు, షామియానా తెచ్చుకుని, సరుకులూ మనుషులూ మనమే చూసుకుంటే అది ఇన్‌ఫ్రా. వంట మాస్టారు తన పాత్రలతో, తన మనుషులతో దిగి, ఏం వండాలో మనం చెబితే అది ప్లాట్‌ఫామ్. ప్లేటుకు ఇంతని క్యాటరింగ్‌కు ఒప్పజెప్పి మనం చేతులు కడుక్కుని కూర్చుంటే అది సాఫ్ట్‌వేర్ సేవ, సాస్ అంటున్నది దాన్నే. మూడింటిలో ఏదీ చెడ్డది కాదు. ఇంట్లో చేతి సాయానికి మనుషుల్లేనివాళ్లు గుండిగలు అద్దెకు తెచ్చుకుంటే పప్పు అడుగంటుతుంది. నలుగురు చుట్టాలకు క్యాటరింగ్ పెడితే డబ్బు వృథా. కానీ ఏ పద్ధతిలో వండించినా, బంతిలో కూర్చున్న మనిషికి అన్నం అందకపోతే ఆయన క్యాటరింగ్ వాడి చొక్కా పట్టుకోడు. పెళ్లివారినే అడుగుతాడు.

అయ్యా, అమ్మా, ఇక్కడ పెళ్లివారు మీరే కదా?

దీని మీద చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు అమెజాన్ క్లౌడ్‌లో దాచిన సమాచారం దొంగల పాలైంది. అమెరికా, కెనడాల్లో కలిపి పది కోట్ల మందికి పైగా వివరాలు పోయాయి. లోపం ఆ బ్యాంకు తన ఫైర్‌వాల్‌ను అమర్చుకున్న తీరులో ఉంది. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ వేసిన 8 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది బ్యాంకే. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 కూడా అదే దారిలో నడుస్తుంది. సమాచారం ఎవరి అవసరం కోసం సేకరించారో వారే దానికి జవాబుదారు. తమ తరఫున దాన్ని ప్రాసెస్ చేసే సంస్థ ఏం చేసినా సరే, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే అని సెక్షన్ 8 చెబుతోంది. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. 2025 నవంబరులో నియమాలు కూడా వెలువడ్డాయి. ప్రభుత్వ సంస్థలకు కొన్ని మినహాయింపులు ఉండవచ్చు. అంతమాత్రాన పింఛను కోసం వేలిముద్ర వేసిన అవ్వకు మీరు బాకీ పడిన బాధ్యత తగ్గుతుందా?

"కేంద్రం గుర్తించిన సంస్థల జాబితాలో ఉన్న కంపెనీయే కదా" అన్న సమాధానం నేను చాలాసార్లు విన్నాను. మేఘ్‌రాజ్ విధానం కింద కేంద్ర ఐటీ శాఖ ఆ జాబితా తయారు చేసిన మాట నిజం. ఆడిట్ జరుగుతుంది, సమాచారం దేశం దాటకూడదన్న షరతు ఉంటుంది. మంచి పని. అయితే దుకాణం నమ్మదగినదని మాత్రమే ఆ జాబితా చెబుతుంది. మీరు కొన్న వస్తువు మీ పనికి సరిపోతుందో లేదో అది ఎలా చెబుతుంది?

ముందు భూమి రికార్డుల సంగతి చూడండి. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీని ఇప్పటికీ కోర్టుల్లో చూపిస్తున్నారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ కాగితాన్ని చదవగలుగుతున్నాం. భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబరు 29న మొదలైంది. 2024 చివర్లో దాని నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి మారింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఐదేళ్లలోపే పేరు మారింది, చట్టం మారింది, నడిపే చేయి మారింది. రైతు పొలం మాత్రం ఉన్నచోటే ఉంది. ప్రభుత్వాలు మారతాయి, విధానాలు మారతాయి, దాన్ని నేను ఇక్కడ తప్పుపట్టడం లేదు. ఇన్నిసార్లు చేతులు మారే రికార్డును ఏ పద్ధతిలో పెట్టాలన్నదే నా ప్రశ్న. ఇలాంటి దాన్ని ఒక్క కంపెనీకే సొంతమైన డేటాబేస్‌లోనో, ఒక్కరి ప్లాట్‌ఫామ్ మీదే నడిచే లో-కోడ్ తెరల్లోనో పెట్టకూడదు. పోస్ట్‌గ్రెస్ లాంటి అందరికీ తెలిసిన, ఎవరి సొత్తూ కాని డేటాబేస్‌లో ఉండాలి. ఇన్‌ఫ్రా తీసుకోండి, లేదా డేటాబేస్‌ను నడిపిపెట్టే సేవ తీసుకోండి. కానీ రేపు మూట కట్టి ఇంకోచోట దించితే అదే రోజు నడవాలి. ఇక్కడ ఎక్కువ ధర పెట్టవలసి వస్తే పెట్టండి. నేను పన్ను కట్టేవాడిగానే ఈ మాట చెబుతున్నాను.

ఇంటర్ ఫలితాల రోజు సంగతి పూర్తిగా వేరు. రెండు రాష్ట్రాల్లో లక్షల మంది పిల్లలు ఒకే గంటలో ఒకే పేజీ తెరుస్తారు. నాలుగు రోజులు దాటితే అటు తొంగిచూసేవాడు ఉండడు. ఆ నాలుగు రోజుల కోసం ఏడాది పొడవునా వర్చువల్ మెషీన్లు అద్దెకు తీసుకోవడం నేను కళ్లారా చూశాను. అంతా చేశాక కూడా ఆ గంటలో సైటు పడిపోవడం చూశాను. నిజానికి ఫలితం ప్రకటించాక ఆ మార్కులు గంట గంటకూ మారవు. హాల్ టికెట్ నంబరుకు ఒక చిన్న ఫైలు చొప్పున ముందే తయారుచేసి దేశమంతా ఉన్న కంటెంట్ సర్వర్లలోకి తోసేస్తే, సొంత సర్వరు మీద భారమే ఉండదు. వాడుకున్నంతకే డబ్బు కట్టే పద్ధతి ఇక్కడ చక్కగా అమరుతుంది. అసలు మార్కులు బోర్డు దగ్గరే భద్రంగా ఉంటాయి కాబట్టి ఒకే కంపెనీకి చిక్కుకుపోతామన్న భయమూ లేదు. భూమి రికార్డుకు నేను వద్దన్న పద్ధతిని ఫలితాలకు కావాలంటున్నానంటే, రెండు పనులూ ఒకటి కావు కనుక. రెండింటికీ ఒకే వాక్యంతో టెండరు ఎలా పిలవగలుగుతున్నారు?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మార్కులు తప్పుగా వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుచేయనక్కర్లేదు. అది క్లౌడ్ వల్ల వచ్చిన కష్టం కాదు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. "వెండరు చూసుకుంటాడు" అన్న మాట పిల్లల ఇళ్ల దాకా వెళ్తే ఏమవుతుందో రెండు రాష్ట్రాలూ చూశాయి. ఆ తల్లిదండ్రుల ముందు వెండరు పేరు చెప్పి ఎవరు తప్పుకోగలిగారు?

ఇక సాస్. ఆఫీసు మెయిళ్లు, ఫైళ్లు, హాజరు, ఫిర్యాదుల నమోదు లాంటి వాటికి తయారుగా ఉన్న సేవ కొనుక్కోవడమే తెలివైన పని. ప్రతి శాఖా సొంతంగా హాజరు సాఫ్ట్‌వేర్ రాయించుకోవడం ఎందుకు? కానీ కొనేముందు 2025 జులైలో నయారా ఎనర్జీకి జరిగింది చదవండి. గుజరాత్‌లో పెద్ద చమురు శుద్ధి కర్మాగారం నడిపే కంపెనీ అది. ఐరోపా సమాఖ్య దాని మీద ఆంక్షలు పెట్టగానే, డబ్బు కట్టి కొనుక్కున్న మైక్రోసాఫ్ట్ మెయిలూ టీమ్సూ ఆగిపోయాయి. ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాక సేవలు తిరిగి వచ్చాయి. భారతదేశంలో నడుస్తున్న కంపెనీ, భారతదేశంలో కట్టిన డబ్బు, ఇంకో ఖండంలో తీసుకున్న నిర్ణయం! ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న మొదలుపెట్టిన "మన మిత్ర" వల్ల వాట్సాప్‌లోనే హాల్ టికెట్లు, సర్టిఫికెట్లు అందుతున్నాయి. మా ఊళ్లో చదువు రాని పెద్దవాళ్లు కూడా మనవడి చేత దాన్ని వాడిస్తున్నారు. నాకు సంతోషమే. ఆ ద్వారం మెటా కంపెనీది అన్న సంగతి మాత్రం మరవకూడదు. అది మూసుకున్న రోజున జనం రావడానికి పక్క తలుపు తెరిచి ఉంచారా? ఉంచితే ఆ సంగతి వాళ్లకు చెప్పారా?

ఇదంతా చదివి "అయితే అన్నీ మన డేటా సెంటర్లోనే పెట్టుకుందాం" అంటారేమో. దయచేసి ఆ తొందరా పడకండి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఆరు వందలకు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు తమ పని ఫైళ్లన్నీ దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది. దానికి వేరేచోట నకలు లేదు. మరీ పెద్దది కాబట్టి బ్యాకప్ తీయలేదన్నారు. అది ప్రభుత్వ సొంత క్లౌడే, సొంత నేల మీదే ఉంది. అంతకు ముందటి ఏడాది మే నెలలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్ గూగుల్ క్లౌడ్‌లో పెట్టుకున్న ప్రైవేట్ క్లౌడ్ చెరిగిపోయింది. దాన్ని ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ వైపు ఒక గడి ఖాళీగా వదిలేయడమే కారణం. రెండు చోట్ల ఉన్న ప్రతులూ ఒకేసారి పోయాయి. వారం దాటాక మళ్లీ లేచి నిలబడిందంటే, వాళ్లు ఇంకో సంస్థ దగ్గర కూడా నకళ్లు దాచుకోబట్టే. పెన్షన్ ఫండ్‌లో ఎవరో ఒక అధికారి, ఏ రోజునో, అనవసర ఖర్చు అని ఎవరైనా అన్నా వినకుండా ఆ నిర్ణయం తీసుకుని ఉంటారు. మన దగ్గర అలాంటి అధికారి ఫైలు మీద సంతకం పెడితే ఆడిట్ అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. అలాంటప్పుడు ఆ అధికారి వెనుక నిలబడవలసింది కార్యదర్శి స్థాయిలో ఉన్న మీరు.

అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతం తెరిచింది. విశాఖపట్నంలో 15 వందల కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. రెండు రాష్ట్రాలూ వీటిని పండుగలా చెప్పుకున్నాయి, తప్పు లేదు. అయితే యంత్రం మన నేల మీద ఉండటం వేరు, దాని తాళం మన చేతిలో ఉండటం వేరు. భూమి, కరెంటు, నీళ్లు ఎలా ఇవ్వాలో రాత్రింబవళ్లు కూర్చుని తేల్చగలిగిన ప్రభుత్వాలు, మన ఖాతా ఎవరి పేరున తెరవాలో తేల్చడానికి ఒక మధ్యాహ్నం కేటాయించలేవా?

ఎల్-1 గురించి కూడా చెప్పాలి. తక్కువ ధర వేసినవాడికే టెండరు ఇవ్వాలన్న ఆ నియమం మీరు పెట్టింది కాదు, ఒప్పుకుంటాను. కానీ పద్ధతి ఏదో మీరు చెప్పకపోతే, ముగ్గురు బిడ్డర్లు మూడు వేర్వేరు వస్తువులకు ధర రాస్తారు, మీరు మూడు అంకెలు పోల్చి చిన్నది ఎంచుకుంటారు. వర్చువల్ మెషీన్లు ఇస్తానన్నవాడు వాటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాచ్‌లు ఎవరు వేస్తారో రాయడు. తన సాస్ ఇస్తానన్నవాడు మొదటి ఏడాది చౌకగా ఇచ్చి, మీరు వెళ్లిపోతామన్న రోజున అసలు ధర చెబుతాడు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లోపం బయటపడిన రాత్రి మాలాంటి వాళ్లెవరికీ నిద్ర లేదు. జావా ప్రోగ్రాముల్లో ఎక్కడ చూసినా ఉండే చిన్న లైబ్రరీ అది. ఇన్‌ఫ్రా తీసుకున్నవాళ్లే కాదు, ప్లాట్‌ఫామ్ తీసుకున్నవాళ్లు కూడా తమ కోడ్‌లో దాన్ని తామే వెతికి మార్చుకోవలసి వచ్చింది. కాంట్రాక్టు ముగిసిపోయిన ప్రభుత్వ పోర్టల్‌లో ఆ రాత్రి ఎవరు మేల్కొని ఉంటారు? ఇన్‌ఫ్రా తీసుకోవాలంటే జీతం మీద మీ మనుషులు ఉండాలి. మనుషులు దొరకరని అనకండి. ప్రపంచంలో క్లౌడ్ నడిపే ఏ కంపెనీలో చూసినా తెలుగువాళ్లున్నారు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ విభాగాన్ని నడిపి 2014లో ఆ కంపెనీకే సీఈఓ అయిన సత్య నాదెళ్ల హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారు. కొరత మనుషులది కాదు, పోస్టులది. పోస్టులు పెట్టలేకపోతే ఇన్‌ఫ్రా వద్దు, నిజాయితీగా ప్లాట్‌ఫామ్ తీసుకోండి.

బయటికి వెళ్లాలంటే సమాచారం తరలింపుకే బోలెడు ఖర్చవుతుందన్న వాదన కూడా పాతబడింది. వదిలి వెళ్లే ఖాతాదారుల నుంచి ఆ రుసుము తీసుకోబోమని 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్ ప్రకటించాయి. ఇప్పుడు మిమ్మల్ని కట్టిపడేసేది ఒక్కరి సేవకే అతుక్కునేలా రాయించుకున్న కోడ్. అది అతుక్కునేది టెండరు రోజునే.

1998లో కార్డ్ ప్రాజెక్టుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టిన ఉమ్మడి రాష్ట్రం మనది. 2001లో ఈసేవ, 2011లో మీసేవ తెచ్చాం. అప్పుడు అలాంటి పనికి ముందు నమూనా కూడా పెద్దగా లేదు. అధికారులే పక్కన కూర్చుని, ఏ తెర మీద ఏం ఉండాలో ప్రోగ్రామర్లకు చెప్పేవారని మా సీనియర్లు చెబుతారు. ఆ ఓపిక ఇప్పుడు ఎక్కడికి పోయింది?

నేను అడుగుతున్నది కొత్త చట్టం కాదు, కొత్త కమిటీ అసలే కాదు. ప్రతి పోర్టల్‌కు ఒక్క పేజీ. ఖాతా ఎవరి పేరున ఉంది. ఏ భాగానికి ఏ పద్ధతి ఎంచుకున్నారు, ఎందుకు. ప్యాచ్‌లు వేసే బాధ్యత ఎవరిది. నకలు ఎక్కడుంది, దాన్ని వేరేచోట దించి నడిపి చూసిన చివరి తేదీ ఏది. బ్యాకప్ ఉందనడం చాలదు. దించి చూడని బ్యాకప్‌ను నమ్ముకుని నేను రెండుసార్లు మోసపోయాను. ఖాతా అసలు తాళం ఇద్దరు అధికారుల హోదా మీద ఉండాలి, వ్యక్తుల మీద కాదు. బదిలీ అయిన రోజున బీరువా తాళాలు అప్పగించినట్టు దాన్నీ అప్పగించి సంతకం తీసుకోవాలి. మన ఆఫీసుల్లో చార్జి అప్పగింతకు వందేళ్ల అలవాటు ఉంది. ఆ జాబితాలో ఇంకొక్క వరుస చేర్చడం కష్టమా?

వచ్చే ఇంటర్ ఫలితాల్లోగా ఈ పేజీలను మీ వెబ్‌సైట్లలో పెట్టండి. భద్రత కోసం దాచవలసినవి దాచండి, మిగతావి చూపండి. అందులో మొదటి గడిలో, ఓటీపీ వచ్చే ఫోను ఏ హోదాలో ఉన్న అధికారి దగ్గర ఉంటుందో రాయండి. ఆ రోజు మమ్మల్ని ఆ ప్రశ్న అడిగిన సూపరింటెండెంట్ గారు రిటైరయ్యారు. ఇప్పటికీ ఫోనులో మాట్లాడుకుంటాం. మీ జవాబు వస్తే ముందు ఆయనకే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్